బీపీ అదుపులో పెట్టుకోవడం ఎలా? ఒడిశా సరిహద్దు ఊళ్ళ తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి వచ్చే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి: "రోజూ బిళ్ళ వేస్తూనే ఉన్నాం, అయినా బీపీ దిగట్లేదు. ఇంకేం చెయ్యాలి?" అడిగేవాళ్ళలో ఎక్కువమందికి కావలసింది ఇంకో మందు పేరు. గొడవ మాత్రం చాలాసార్లు మందులో ఉండదు. బీపీ కొలిచిన తీరులో ఉంటుంది. లేదా ఇవతల ఒక డాక్టరు, ఆంధ్రా వైపు ఇంకో డాక్టరు రాసిన చీటీలు ఒకదాని ముఖం ఒకటి చూసుకోకపోవడంలో ఉంటుంది. అందుకే మాత్రల సంగతి ఇక్కడ ఏడో అంచెలో గానీ రాదు. వరస తప్పించకుండా చదవండి.

ముందుగా ఒక షరతు. ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర మొదలుపెట్టకూడదు, ఉన్నది ఆపకూడదు, డోసు మార్చకూడదు. డాక్టరు దగ్గరికి సరైన లెక్కలతో వెళ్ళడానికి, ఆయన రాసింది సరిగ్గా వాడడానికి మాత్రమే ఇది.

## 1. ముందు సరంజామా

- చేతి పైభాగానికి, అంటే మోచేతికీ భుజానికీ మధ్య పట్టీ కట్టే డిజిటల్ మిషను. మణికట్టుకు కట్టేవి, వేలికి తొడిగేవి వద్దు.
- దర్జీ టేపు. పట్టీ కట్టేచోట చేతి చుట్టుకొలత చూడాలి. మిషనుతో వచ్చే మామూలు పట్టీ ఎక్కువగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. అంతకంటే లావు చెయ్యి అయితే పెద్ద పట్టీ విడిగా కొనాలి. చిన్న పట్టీ బిగించి కడితే లేని బీపీ కూడా ఉన్నట్టు చూపిస్తుంది.
- ఒక నోటు పుస్తకం. ఫోనులో రాసుకోవడం బాగానే ఉంటుంది గానీ, ఓపీలో డాక్టరు ముందు ఫోను పైకీ కిందికీ జరుపుతూ కూర్చునే టైము ఉండదు.
- ఏడు రోజుల గళ్ళున్న మాత్రల డబ్బా.
- చీటీలూ రిపోర్టులూ తేదీల వరసన పెట్టిన ఒక ఫైలు.

మిషను కొనలేని పరిస్థితి ఉంటే దిగులు పడనక్కర్లేదు. దగ్గరలోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో గానీ, ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ ఊరికే చూస్తారు. ముప్పై దాటిన ప్రతివాళ్ళకూ బీపీ, షుగరు చూడడం వాళ్ళ పనిలో భాగమే. ఎప్పుడు వెళ్ళాలో మీ ఆశా దీదీని అడగండి.

మిషను కొన్నాక ఒకసారి ఆసుపత్రికి పట్టుకెళ్ళి, నర్సు చూసిన కొద్ది నిమిషాలకే మీ మిషనుతో కూడా చూడండి. ఐదారు పాయింట్ల తేడా సహజం. తేడా పదిహేను, ఇరవై వస్తుంటే మిషనునో పట్టీనో అనుమానించాలి.

## 2. బీపీ కొలవడం

ఈ పని ఒక్కటి సరిగ్గా చేస్తే సగం తగాదాలు ఇక్కడే తీరిపోతాయి.

1. కొలిచే ముందు అరగంట టీ, కాఫీ, బీడీ, చుట్ట, ఖైనీ, వ్యాయామం ఏవీ ఉండకూడదు. గుడాకు కూడా. మన వైపు ఆడవాళ్ళు పొద్దున్నే గుడాకుతో పళ్ళు తోముకుని దాన్ని పళ్ళపొడి కిందే జమకడతారు. అది పొగాకే. దాంట్లోని నికోటిన్ బీపీని కాసేపు పైకి లేపుతుంది. పొద్దుటి అంకె ఎప్పుడూ ఎక్కువ వచ్చి, సాయంత్రం బాగానే ఉంటే ముందు ఈ అలవాటునే చూడండి.
2. మూత్రానికి వెళ్ళి రండి. నిండిన మూత్రాశయంతో కూర్చుంటే అంకె పెరుగుతుంది.
3. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి. కాలు మీద కాలు వద్దు.
4. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో పెట్టండి. బల్ల పొట్టిదైతే కింద దిండు వెయ్యండి. చెయ్యి వేలాడుతూ ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది.
5. పట్టీ ఒంటి మీదే కట్టాలి. జాకెట్టు చెయ్యి, చొక్కా చెయ్యి పైకి బిగించి చుట్టి, ఆ మడత కింద పట్టీ కట్టడం ఇంకా చెడ్డ పద్ధతి. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ళ పైన ఉండాలి.
6. మిషను నడుస్తున్నంతసేపూ మాటలు లేవు, టీవీ లేదు.
7. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడండి. రెండూ రాసుకోండి.

మొదటిరోజు రెండు చేతులకూ చూసి, ఏ చేతికి ఎక్కువ వచ్చిందో ఇక మీదట ఆ చేతికే చూడాలి. రెండు చేతుల మధ్య ఎప్పుడు చూసినా పదిహేను పాయింట్లు దాటి తేడా ఉంటే డాక్టరుకు చెప్పండి.

లెక్క తేలాలంటే వరసగా ఏడు రోజులు, పొద్దున మాత్ర వేసుకునే ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చూడాలి. మొదటిరోజు అంకెలు వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తియ్యండి. ఆ సగటే మీ బీపీ. ఆ తరవాత డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు వారం మాత్రం ఇదే పద్ధతిలో చూస్తే చాలు. గంటగంటకూ పట్టీ కట్టుకుని కూర్చునేవాళ్ళకు ఆ భయానికే అంకె పెరుగుతుంది. అలాంటివాళ్ళ మిషను ఇంకొకరి దగ్గర ఉంచడం మంచిది.

## 3. అంకెల అర్థం

- ఆసుపత్రిలో, వేర్వేరు రోజుల్లో చూసినా పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే బీపీ ఉన్నట్టు.
- ఇంట్లో తీసిన సగటుకు ఆ గీత 135/85.
- మందులు వాడేవాళ్ళలో ఎక్కువమందికి ఆసుపత్రి అంకె 140/90 లోపు ఉండాలి. షుగరు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకూ, పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్ళకూ సాధారణంగా 130/80 లోపు కావాలంటారు. మీ గీత ఎంతో డాక్టరునే అడిగి పుస్తకం అట్ట మీద రాయించుకోండి.
- 180/120 దాటితే చివరి అంచెకు వెళ్ళండి.

రెండు అంకెల్లో ఏ ఒక్కటి ఎక్కువున్నా ఎక్కువే. "కింది నంబరు బాగుంది కదా" అని ఊరుకోవడం పెద్దవాళ్ళ విషయంలో పెద్ద పొరపాటు. అరవై దాటినవాళ్ళలో పై అంకె ఒక్కటే పెరగడం మామూలు.

తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవడానికి లేదు. ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు.

## 4. మొదట్లోనే చేయించాల్సిన పరీక్షలు

- రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పేది), పొటాషియం, సోడియం
- మూత్రంలో ఆల్బుమిన్
- షుగరు, కొలెస్టరాల్
- ఈసీజీ
- వీలైతే కంటి డాక్టరు దగ్గర కంటి లోపలి పొర పరీక్ష

ఇందులో క్రియాటినిన్, మూత్రం పరీక్ష మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. ఇచ్ఛాపురం అవతల కవిటి, సోంపేట, కంచిలి మండలాలు ఉద్దానంలోవే. అక్కడ చాలామందికి కిడ్నీ జబ్బు ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. పొలం పనికో పెళ్ళిళ్ళకో అటూ ఇటూ తిరిగే కుటుంబాలు మనవి. ఆ జబ్బులో చాలాకాలం బీపీ పెద్దగా పెరగకపోవచ్చు కూడా. బీపీ కిడ్నీని పాడుచేస్తుంది, పాడైన కిడ్నీ బీపీని పెంచుతుంది. ఏ మాత్ర మొదలుపెట్టాలన్నది కూడా ఈ రిపోర్టు మీదే ఆధారపడుతుంది.

ముప్పై ఐదేళ్ళ లోపువాళ్ళకు బీపీ బాగా ఎక్కువగా ఉంటే అసలు కారణం వేరే ఉందేమో వెతకాలి. అలాంటివాళ్ళు ఊళ్ళో వైద్యంతో సరిపెట్టుకోకుండా బరంపురం ఎంకేసీజీకో, కోరాపుట్‌లోని మెడికల్ కాలేజీకో, విశాఖ కేజీహెచ్‌కో ఒకసారి వెళ్ళి రావడం నయం.

## 5. రెండు వైపుల వైద్యం: ఒక పుస్తకం, ఒక డాక్టరు

పర్లాకిమిడి నుంచి పాతపట్నం నడిచి వెళ్ళొచ్చు. రాయగడ వాళ్ళకు పార్వతీపురం, జయపురం వాళ్ళకు సాలూరు మీదుగా విశాఖ. ఏ వైపు వైద్యం బాగుంటుందన్న వాదనలోకి నేను పోను. రెండు వైపులా మంచి డాక్టర్లున్నారు. చిక్కల్లా ఇద్దరి మందులూ ఒకే కడుపులోకి పోవడంతోనే.

ఇంట్లో ఉన్న బీపీ మాత్రల స్ట్రిప్పులన్నీ తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టండి. పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కంపెనీది, దాన్ని వదిలెయ్యండి. రేకు వెనక చిన్న అక్షరాల్లో అసలు మందు పేరుంటుంది. కళ్ళజోడు కావాలి, లేదా ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఒకదాని మీద టెల్మిసార్టాన్ 40 అనీ, వేరే పేరుతో వేరే రంగులో ఉన్న రెండోదాని మీద టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 అనీ కనిపిస్తే, మీరు ఒకే మందు రెండుసార్లు మింగుతున్నట్టు. కళ్ళు తిరిగి పడడం, పొటాషియం పెరగడం ఇలాగే మొదలవుతాయి.

పేర్లు చదవడానికి కొన్ని గుర్తులు:

- చివర "సార్టాన్" ఉన్నవన్నీ ఒక కుటుంబం: టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మిసార్టాన్.
- చివర "ప్రిల్" ఉన్నవి ఇంకో కుటుంబం: ఎనలాప్రిల్, రామిప్రిల్. సార్టాన్‌నూ ప్రిల్‌నూ కలిపి వాడకూడదు. రెండూ మీ ఇంట్లో ఉంటే ఇవాళే డాక్టరుకు చూపించండి.
- "డిపిన్": ఆమ్లోడిపిన్, సిల్నిడిపిన్, నిఫెడిపిన్.
- "లాల్": అటెనోలాల్, మెటోప్రోలాల్.
- కంపెనీ పేరు పక్కన ఏఎం ఉంటే సాధారణంగా ఆమ్లోడిపిన్, హెచ్ ఉంటే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిందని.

ఇప్పుడు ఒకే ఒక్క డాక్టరును బీపీకి ఖాయం చేసుకోండి. కంటి ఆపరేషనుకు అవతలికి వెళ్ళండి, మోకాళ్ళకు ఇవతల చూపించండి, అది మీ ఇష్టం. బీపీ మందు మార్చే అధికారం మాత్రం ఒక్కరిదే. మిగతా ఎవరి దగ్గరికి వెళ్ళినా పుస్తకం మొదటి పేజీ చూపించాలి. ఆ పేజీలో ఇవి ఉండాలి:

- పేరు, వయసు, ఉన్న జబ్బులు
- ఇప్పుడు వేసుకుంటున్న ప్రతి మాత్ర అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళ
- పడని మందులు
- చివరి క్రియాటినిన్, పొటాషియం, తేదీతో

మందుల పేర్లు ఇంగ్లీషులోనే రాయించండి. తెలుగులో రాస్తే ఇక్కడి సిస్టరుకూ, ఒడియాలో రాస్తే శ్రీకాకుళంలోని షాపతనికీ అర్థం కాదు.

## 6. ఉప్పు, మిగతా అలవాట్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు, అంటే తలగొట్టిన ఒక చిన్న టీచెంచా. చెంచాలు లెక్కపెడుతూ ఎవరూ వండరు గనక ఈ ఉపాయం చెయ్యండి. ఉప్పు ప్యాకెట్టు విప్పిన రోజే దాని మీద తేదీ రాయండి. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్టు కనీసం 50 రోజులు రావాలి. పచ్చడీ ఎండుచేపా అప్పడమూ వేరే ఉప్పు మోసుకొస్తాయి కాబట్టి అరవై, డెబ్భై రోజులు వస్తేనే సరైన లెక్క. నెలకే అయిపోతుంటే మీకు కొత్త మాత్ర కంటే ముందు కావలసింది ఏమిటో తెలిసిపోయింది.

ఇక మన కంచంలో ఉప్పు ఎక్కడెక్కడుందో చూద్దాం.

చద్దన్నం, పఖాళ. తప్పు అన్నానిది కాదు, దాంట్లో పిడికిట్లోంచి రాల్చే ఉప్పుది, పక్కన నంజుకునేదానిది. ఉప్పు వెయ్యకుండా పెరుగు, నిమ్మరసం, కరివేపాకు, పచ్చిమిరపకాయ, అల్లం వేసి చూడండి. రాగి అంబలిలో కూడా అంతే.

ఎండుచేపలు, ఎండురొయ్యలు. వేణ్ణీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు నీళ్ళు మార్చి కడిగి, కూరలో ఇక ఉప్పు వెయ్యకుండా వండాలి. కడిగితే ఉప్పు తగ్గుతుంది గానీ మొత్తం పోదు. రోజూ తినే ఇల్లయితే వారానికోసారికి దించండి.

బరంపురం అప్పడాలు, పచ్చళ్ళు, వడియాలు. నూనెలో వేయించకుండా కాల్చుకుంటే నూనె తగ్గుతుంది, ఉప్పు అంతే ఉంటుంది. పూటకు ఒక్క ఉప్పటి వస్తువే అని నియమం పెట్టుకోండి. పచ్చడి ఉన్న పూట అప్పడం లేదు, ఎండుచేప ఉన్న పూట రెండూ లేవు. పూర్తిగా మానెయ్యమంటే ఎవరూ మానరు. ఈ నియమం మాత్రం నిలుస్తుంది.

సాయంత్రం మరమరాలు, మిక్చరు, బజ్జీలు. వీటిలో ఉప్పుతో పాటు వేసే తినే సోడాలోనూ సోడియమే. గ్యాసుకని నీళ్ళలో కలిపి తాగే పొంగు పొడులు కూడా ఆ లెక్కలోవే.

సైంధవ లవణం వాడితే ఏమీ కాదనే మాట నమ్మకండి. అది కూడా దాదాపు అంతా అదే ఉప్పు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పులు చాలామందికి మేలే చేస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, సార్టాన్, ప్రిల్, స్పైరనోలాక్టోన్ మాత్రలు వాడేవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

ఒక్కసారిగా ఉప్పు తగ్గిస్తే ఇంట్లో యుద్ధమే. వారానికి కాస్త చొప్పున, మొదట కంచం పక్కన ఉప్పు గిన్నె తీసెయ్యడంతో మొదలుపెట్టండి. నెల, నెలన్నరలో నాలుక సర్దుకుంటుంది. బీపీ మనిషికి వేరే వంట వద్దు, అందరికీ అదే కూర.

కిడ్నీలు బాగున్నవాళ్ళు ఆకుకూరలు, పప్పులు, అరటిపండు, జామ, పెరుగు పెంచుకోవచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు ఇదే జాబితా ప్రమాదం, కొబ్బరినీళ్ళతో సహా.

తక్కినవి గబగబా:

- నడక: వారానికి 150 నిమిషాలు. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మాట్లాడగలిగేంత, పాడలేనంత వేగం. పొలం పని చేసేవాళ్ళకు పని దినాల్లో వేరే నడక అక్కర్లేదు. దుకాణంలో కూర్చునేవాళ్ళకు కావాలి.
- బరువు: నడుము కొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్ల లోపు. తగ్గిన ఒక్కో కిలోకూ పై అంకె ఇంచుమించు ఒక పాయింటు దిగుతుంది.
- పొగాకు: బీడీ, చుట్ట, అడ్డపొగ, గుట్కా, ఖైనీ, గుడాకు అన్నీ ఒకటే. మానడమే.
- తాగుడు: ఇప్పసారా అయినా, జీలుగు కల్లయినా, సీసా మందయినా బీపీని పెంచేవే. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాళ్ళు ఒక్కరోజులో ఆపితే వణుకు, ఫిట్సు రావచ్చు. డాక్టరు సాయంతో ఆపాలి.
- గురక: పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టవడం, పగలు కునుకుపాట్లు ఉంటే డాక్టరుకు చెప్పండి. మూడు మందులకూ లొంగని బీపీ వెనక ఇది ఉండొచ్చు.

## 7. మాత్రలు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాడే పద్ధతి చాలాచోట్ల ఇంచుమించు ఇలా సాగుతుంది: ఆమ్లోడిపిన్‌తో మొదలు, నెలకు గీత కిందికి రాకపోతే టెల్మిసార్టాన్ చేర్చడం, తరవాత డోసు పెంచడం, అప్పటికీ రాకపోతే క్లోర్‌థాలిడోన్. 2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం వాడుకలోకి తెచ్చిన మందులు ఇవే. షుగరు, కిడ్నీ, గుండె సంగతుల్ని బట్టి వరస మారుతుంది.

రెండో మాత్ర రాశారంటే జబ్బు ముదిరిందని కాదు. ఒకే మందును రెట్టింపు చేయడం కంటే వేర్వేరు పని చేసే రెండు మందులు తక్కువ డోసులో కలిపితే ఫలితం ఎక్కువ, ఇబ్బంది తక్కువ.

వచ్చే ఇబ్బందులు, చెయ్యవలసినవి:

- ఆమ్లోడిపిన్: చీలమండల దగ్గర వాపు. కిడ్నీ పోయిందని హడలిపోకండి, మందు వల్లే కావచ్చు. ఆపకుండా డాక్టరుకు చూపిస్తే డోసు తగ్గిస్తారు, లేదా మారుస్తారు.
- ఎనలాప్రిల్, రామిప్రిల్: వదలని పొడిదగ్గు. దగ్గు సిరప్పులు తాగుతూ కూర్చోవద్దు, మాత్ర మార్పించుకోండి. పెదవులు, ముఖం, నాలుక ఉబ్బితే వెంటనే ఆసుపత్రికి.
- సార్టాన్లు, ప్రిల్‌లు: మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూడాలి. మన దగ్గర ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ పరీక్షనే.
- క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్: మూత్రం ఎక్కువ వెళ్తుంది గనక పొద్దున వేసుకోండి. నీరసం, పిక్కలు పట్టెయ్యడం, పెద్దవాళ్ళలో మాట తడబాటు, మగత కనిపిస్తే సోడియం, పొటాషియం చూపించాలి. ఎండాకాలం ఇటుక బట్టీలో, పొలంలో చెమటోడ్చేవాళ్ళు ఈ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.
- అటెనోలాల్, మెటోప్రోలాల్: నాడి బాగా నెమ్మదించవచ్చు. ఒక్కసారిగా ఆపకూడదు. క్లోనిడిన్ కూడా అంతే, ఆపితే బీపీ ఎగిరిపడుతుంది.

పొద్దునా రాత్రా అన్నది పెద్ద తేడా కాదు, రోజూ ఒకే వేళ అన్నదే ముఖ్యం. మీరు ఎన్నడూ మరిచిపోని పనికి ముడిపెట్టండి, దీపం పెట్టడమో, రాత్రి అన్నమో. మాత్ర మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాటి వేళ దగ్గరపడితే వదిలెయ్యండి. రెండు కలిపి ఎప్పుడూ వద్దు.

వాంతులు, విరేచనాలు, అన్నం ముట్టని జ్వరం వచ్చిన రోజుల్లో సార్టాన్, ప్రిల్, మూత్రం మాత్రలు (క్లోర్‌థాలిడోన్ లాంటివి) కిడ్నీని దెబ్బతీయగలవు. మన్యం వైపు మలేరియా జ్వరాల్లో ఇది తరచు ఎదురయ్యేదే. అదే రోజు డాక్టరుకు ఫోను చేసి, ఏది ఎన్ని రోజులు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి.

## 8. మాత్రలు అయిపోకుండా చూసుకోవడం

ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ కౌంటర్ల దగ్గర బీపీ మాత్రలు ఉచితం. కొనేవాళ్ళకు జన ఔషధి దుకాణాల్లో అవే మందులు చాలా చవక. చవక మాత్రలో బలం ఉండదనేది షాపుల దగ్గర పుట్టిన మాట. వారం రోజుల సగటు తీసి చూసుకోండి, మీకే తెలుస్తుంది.

కౌంటరులో ఈసారి వేరే రంగు మాత్ర ఇస్తే రేకు వెనక పేరు, మిల్లీగ్రాములు పుస్తకంతో సరిచూడండి. పేరూ అంకే ఒకటైతే రంగు ఏదైనా ఫరవాలేదు.

స్ట్రిప్పులో పది రోజుల మాత్రలు మిగిలినప్పుడే తెచ్చుకోండి, చివరి మాత్ర నాడు కాదు. సూరత్‌కో హైదరాబాద్‌కో కేరళకో పనికి వెళ్ళేవాళ్ళయితే:

- వెళ్ళే ముందు డాక్టరును కలిసి, ఇవ్వగలిగినన్ని రోజులకు మాత్రలు తీసుకోవాలి
- చీటీ, పుస్తకం మొదటి పేజీ ఫొటో ఫోనులో ఉండాలి, ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా
- మాత్రలు చేతిసంచిలో పెట్టుకోవాలి, రైల్లో సీటు కింద తోసేసే పెట్టెలో కాదు

## 9. తరచు జరిగే తప్పులు, సవరణలు

"బీపీ నార్మల్ అయింది, ఆపేశాను." నార్మల్ అయింది మాత్ర వల్ల. బరువు, ఉప్పు బాగా తగ్గి, ఇంటి అంకెలు నెలల తరబడి తక్కువ వస్తుంటే డాక్టరే తగ్గిస్తారు.

ఒళ్ళునొప్పుల బిళ్ళలు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. ఊళ్ళో ఆర్‌ఎంపీ పొట్లం కట్టి ఇచ్చే నాలుగు బిళ్ళల్లో వీటిలో ఒకటి ఉంటుంది, తరచుగా స్టెరాయిడ్ కూడా. ఇవి బీపీని పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి, సార్టాన్‌తో మూత్రం మాత్రతో కలిస్తే మరీను. పేరు లేని పొట్లం మింగకండి. నొప్పికి పారాసెటమాల్ సరిపోతుందేమో డాక్టరును అడగండి. నా మట్టుకు, మన వైపు లొంగని బీపీ అంటే ముందు వెతకాల్సింది ఈ పొట్లమే.

జలుబు మాత్రలు. ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ ఉన్నవి బీపీని లేపుతాయి. షాపులో అడిగేటప్పుడే బీపీ ఉందని చెప్పండి.

కొండ వేర్లు. సర్పగంధలో బీపీని దించే గుణం నిజంగానే ఉంది. చిక్కు అదే. ఎంత మోతాదు పడిందో తెలియదు, మాత్రలతో కలిస్తే నాడి నెమ్మదిస్తుంది, మనసు కుంగిపోతుంది. దగ్గుకని రోజూ నమిలే అతిమధురం బీపీని పెంచుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు మాత్ర మానెయ్యడం. "అసలు బీపీ ఎంతో తెలియాలి కదా" అంటారు. ఆ అంకె చూసి డాక్టరు డోసు పెంచుతారు, మర్నాటి నుంచి అక్కర్లేని మందు మింగుతారు. ఉపవాసం పరీక్ష ఉన్నా, డాక్టరు వద్దంటే తప్ప గుక్కెడు నీళ్ళతో మాత్ర వేసుకునే వెళ్ళండి.

## 10. వేరే జాగ్రత్త కావలసినవాళ్ళు

గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు. సార్టాన్, ప్రిల్ మాత్రలు బిడ్డకు హాని. నెల తప్పిందని తెలియగానే డాక్టరును కలిసి లేబెటలాల్, మిథైల్‌డోపా, నిఫెడిపిన్ లాంటి వాటికి మార్పించుకోవాలి. ఐదో నెల దాటాక 140/90 వచ్చినా, తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, పైకడుపు నొప్పి, ముఖం వాపు ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రసవం తరవాత కూడా కొన్ని వారాలు ఈ కాపలా ఉండాలి.

డెబ్భై దాటినవాళ్ళు. కూర్చుని ఒకసారి, లేచి నిలబడిన ఒకటి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూడండి. నిలబడితే పై అంకె 20 పాయింట్లో అంతకంటే ఎక్కువో పడిపోతుంటే డోసు సరిచెయ్యాలి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం అంచున నిమిషం కూర్చుని లేవమనండి.

## 11. అత్యవసరం వస్తే

మిషను 180/120 దాటి చూపించింది. ముందు మనిషిని చూడండి.

ఏ బాధా లేదు: ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ కొలవండి. ఇంకా అలాగే ఉంటే, ఆ పూట మాత్ర మరిచిపోయారేమో అడగండి, మరిచిపోతే వెయ్యండి. అదే రోజు డాక్టరుకు చూపించండి. రెండు మూడు మాత్రలు కలిపి వెయ్యడం వద్దు.

ఇవి ఉంటే ఆలస్యం లేకుండా 108:

- ఛాతీ నొప్పి, బిగుతు, ఆయాసం
- మూతి వంకర, చెయ్యో కాలో పడిపోవడం, మాట ముద్దగా రావడం
- చూపు పోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి
- మతి తప్పడం, ఫిట్సు

పక్షవాతం లక్షణాలకు బీపీ అంకెతో పని లేదు, 150 ఉన్నా పరుగెత్తాలి. గడ్డ కరిగించే ఇంజెక్షనుకు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే వ్యవధి, అదీ స్కానింగ్ అయ్యాకే. "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు" అన్నది డాక్టరు అడిగే మొదటి ప్రశ్న. గడియారం చూసి చెప్పండి. మూతి వంకరపోయినవాళ్ళ నోట్లో నీళ్ళు, మాత్రలు, పసరు ఏవీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నిఫెడిపిన్ గొట్టం మాత్రకు (క్యాప్సూల్‌కు) సూదితో పొడిచి నాలుక కింద చుక్కలు వేసే పాత పద్ధతి ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది. బీపీ ఒక్కసారిగా కూలి మెదడుకో గుండెకో రక్తం అందకుండా పోతుంది. ఎవరైనా చెయ్యబోతే ఆపండి.

మీ ఊరికి దగ్గరలో రాత్రిపూట కూడా సీటీ స్కాను తీసే ఆసుపత్రి ఏదో, సరిహద్దుకు ఏ వైపున ఉందో, అక్కడికి ఎంతసేపు పడుతుందో ఈ వారంలోనే కనుక్కోండి. అర్ధరాత్రి పిలిస్తే వచ్చే ఇద్దరు జీపు, ఆటో వాళ్ళ నంబర్లు దాంతో పాటే గోడ మీద రాసి పెట్టండి.